ఆఫీసులో మహిళా దినోత్సవం: పువ్వు చేతిలో పెట్టి పంపేయకుండా ఎలా జరపాలి

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, ఒకే ప్రశ్న నాకు పది మంది నుంచి వస్తుంది: "మా ఆఫీసులో ఉమెన్స్ డేకి ఏం చేస్తే బాగుంటుంది?" అడిగేవాళ్లలో హెచ్‌ఆర్ వాళ్లుంటారు, టీమ్ లీడర్లుంటారు, "ఈసారి నువ్వే చూసుకో" అని ఎవరో పని అప్పజెప్పిన కొత్త ఉద్యోగులూ ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ పనికొచ్చేలా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఈ సభ ఏర్పాట్లు నావే. బెలూన్లు కట్టాం, కేక్ తెచ్చాం. పెద్దాయన లిస్టు చూసి ఒక్కో పేరు పిలిచి, ప్లాస్టిక్ కవరు చుట్టిన గులాబీ ఇస్తున్నారు. స్టోర్స్ విభాగంలో పదకొండేళ్లుగా ఉన్నావిడ పేరు తప్పు చదివారు. ఆవిడ సరిచేయలేదు. పువ్వు తీసుకుని, దణ్ణం పెట్టి, తన టేబుల్ దగ్గరికెళ్లి దాన్ని స్టాక్ రిజిస్టర్ పక్కన పెట్టి మళ్లీ పనిలో పడింది. నేను వెళ్లి "ఎలా ఉంది ప్రోగ్రాం?" అని అడిగాను. "బాగుంది మేడమ్. నా ప్రమోషన్ ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో కాస్త కనుక్కుంటారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఫైలు గురించి నేనెప్పుడూ అడగనే లేదు.

ఇక్కడ చెప్పేదంతా ఆ ప్రశ్న తర్వాత నేర్చుకున్నదే. మెచ్చుకోవడం, సరిదిద్దడం ఒకేసారి జరగాలి. సరిదిద్దకుండా మెచ్చుకుంటే అది మొక్కుబడి. మెచ్చుకోకుండా లెక్కలు మాత్రమే సరిచేస్తే, పని చేసిన మనిషి పేరు ఎవరి నోటా రాదు.

ఈ రోజు పుట్టిందే పనిచేసే ఆడవాళ్ల డిమాండ్ల నుంచి. ఏటా ఒక రోజు మహిళల కోసం జరపాలని 1910లో కోపెన్‌హాగెన్ సమావేశంలో జర్మన్ సోషలిస్టు నాయకురాలు క్లారా జెట్కిన్ తదితరులు ప్రతిపాదించారు. మరుసటి ఏడు కొన్ని యూరప్ దేశాల్లో మార్చి 19న జరిపారు. 1917లో రష్యాలోని పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కోసం పని ఆపేసి వీధుల్లోకి వచ్చిన రోజు మార్చి 8. ఐక్యరాజ్యసమితి 1975 నుంచి జరుపుతోంది. మీ సభలో ఎవరైనా "ఇలాంటి రోజున జీతాల మాటలెందుకు" అంటే ఈ నాలుగు ముక్కలు చెప్పండి, చాలు.

కావలసినవి

- నాలుగు వారాల టైమ్. రెండే ఉంటే 1, 3, 7 స్టెప్పులు చేయండి, 7లో చదివే పనులు 1వ స్టెప్పు జవాబుల నుంచే తీసుకోండి.
- జీతాల లిస్టు చూసే అధికారం ఉన్న ఒకరు. మీకు లేకపోతే ఆ అధికారం ఉన్నవాళ్ల నుంచి ముందే మాట తీసుకోండి.
- ఇద్దరు ముగ్గురు మనుషులు. వాళ్లలో కనీసం సగం మంది మగవాళ్లు అయి ఉండాలి. ఎందుకో 2వ స్టెప్పులో చెబుతాను.
- చీటీలు వేసే డబ్బా, లేదా పేరు అడగని ఆన్‌లైన్ ఫారం.
- బడ్జెట్ కొంచెమైనా ఫర్వాలేదు. బడ్జెట్ లేకపోయినా చేయొచ్చు.

1. ముందు అడగండి

ఏం చేయాలో మీరే ఊహించుకోవద్దు. ఫిబ్రవరి మొదటి వారంలో మూడే ప్రశ్నలతో ఒక ఫారం పంపండి:

- ఈ ఏడాది మీరు చేసిన ఏ పని ఎవరి కంటా పడలేదు?
- ఇక్కడ పని చేయడంలో మీకు రోజూ అడ్డుపడుతున్నది ఏంటి?
- మార్చి 8న ఏది వద్దు?

మూడోదాన్ని వదిలేయకండి. చాలామంది "ఏం కావాలి" అంటే మొహమాటపడతారు, "ఏది వద్దు" అంటే రాసేస్తారు. ఆటలు వద్దు, స్టేజి మీదికి పిలవద్దు, గులాబీ రంగు డ్రెస్ కోడ్ వద్దు లాంటివి ఇక్కడే బయటపడతాయి.

జాగ్రత్త: మీ టీమ్‌లో ఆడవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటే పేరు రాయకపోయినా ఎవరు రాశారో తెలిసిపోతుంది. చేతిరాతా పట్టిస్తుంది. అలాంటి చోట ఫారం మగవాళ్లకీ ఇవ్వండి, టైప్ చేసినవే తీసుకోండి, జవాబుల్ని యథాతథంగా ఎవరికీ చూపించకండి. సారాంశం మాత్రం చెప్పండి.

కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, సెక్యూరిటీలో ఉన్నవాళ్లు, నైట్ షిఫ్టు వాళ్లు: వీళ్లకి ఈమెయిల్ ఉండకపోవచ్చు. వెళ్లి నోటితో అడగండి. వాళ్ల సూపర్‌వైజర్ పక్కన లేనప్పుడు అడగండి.

2. సభ పని ఎవరు చేస్తున్నారో చూసుకోండి

ఆడవాళ్లను గౌరవించే సభకు బెలూన్లు కట్టేది, కేక్ ఆర్డర్ పెట్టేది, తర్వాత కప్పులు ఏరేది కూడా ఆడవాళ్లే అయితే అది గౌరవం కాదు, అదనపు డ్యూటీ. నేను కూడా అలాగే చేయించాను, ఆ రోజు మా ఆఫీసు అమ్మాయిలు తమ పని ముగించుకుని ఇంటికెళ్లేసరికి బాగా చీకటి పడింది. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

లిండా బాబ్‌కాక్, లీసే వెస్టర్లండ్ అనే ఆర్థికవేత్తలు తోటి పరిశోధకులతో కలిసి దీని మీద ప్రయోగాలు చేశారు. ఎవరూ చేయడానికి ఇష్టపడని, ప్రమోషన్‌కి పనికిరాని పనుల్ని అడగడం ఎక్కువగా ఆడవాళ్లనే అడుగుతారని, ఒప్పుకునేదీ ఎక్కువగా వాళ్లేనని తేలింది. కాబట్టి "ఎవరు ముందుకొస్తారు?" అని అడగకండి. పేర్లు వరసగా రాసి వంతులు వేయండి. మీటింగ్ నోట్స్ రాయడం, వీడ్కోలు పార్టీకి డబ్బులు పోగుచేయడం, కొత్తవాళ్లకి ఆఫీసు చూపించడం కూడా ఇదే వంతుల లిస్టులో చేర్చి ఏడాదంతా నడపండి.

3. మెచ్చుకోలు రాయండి

సభలో అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. "మహిళలు మన సంస్థకు వెన్నెముక" అన్న వాక్యం ఎవరి గురించీ కాదు. ప్రతి మనిషికీ మూడు ముక్కలు ఉండాలి: పేరు, చేసిన పని, దాని వల్ల జరిగింది.

ఇలా వద్దు: "ఎప్పుడూ నవ్వుతూ, ఓపిగ్గా, మా అందరికీ అమ్మలా ఉంటారు."

ఇలా రాయండి: "జూలైలో పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారినప్పుడు 40 ఎంట్రీలు తేడా వచ్చాయి. ఈవిడ మూడు రోజులు కూర్చుని ఒక్కోదాన్నీ బిల్లుతో సరిపోల్చారు. ఆ నెల క్లోజింగ్ ఆగకుండా పూర్తయింది."

రెండోది చదివితే ఆవిడ పనిమంతురాలని తెలుస్తుంది. ఆ ముక్క రేపు అప్రైజల్‌లో కూడా పనికొస్తుంది. మొదటిది ఎందుకూ పనికిరాదు, పైగా "ఓపిక ఎక్కువ కదా" అని మరింత పని ఆవిడ నెత్తినే పడుతుంది.

రాసింది సరిగ్గా ఉందో లేదో చూడటానికి తేలికైన పరీక్ష: ఆ వాక్యంలో పేరు తీసేసి, అదే పని చేసే మగవాడి పేరు పెట్టి చదవండి. ఎబ్బెట్టుగా ఉంటే మార్చండి. "ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ కూడా ఇంత పని చేశాడు" అని మగవాడి గురించి ఎవరూ రాయరు కదా.

మరికొన్ని జాగ్రత్తలు:

- పేరు ఎలా పలకాలో ఆ మనిషినే అడిగి రాసుకోండి. నా అనుభవం పైన చెప్పాను.
- చదివే ముందు చూపించండి. స్టేజి అంటే టెన్షన్ పడేవాళ్లకు ఉత్తరం ఇవ్వండి, దాని కాపీ ఆవిడ మేనేజర్‌కీ, పర్సనల్ ఫైలుకీ వెళ్లాలి. ఇదే నాకు అన్నింటికంటే ఇష్టమైన పద్ధతి. చప్పట్లు ఆ సాయంత్రంతో ఆగిపోతాయి, ఫైల్లో కాగితం ఉండిపోతుంది.
- మేనేజర్ గుర్తున్నవి మాత్రమే రాస్తే ఆయనకు దగ్గర్లో కూర్చునేవాళ్ల పేర్లే వస్తాయి. 1వ స్టెప్పులో వచ్చిన "ఎవరి కంటా పడని పని" జవాబుల నుంచి మొదలుపెట్టండి.
- టీమ్ అంతా చేసిన పనిని ఒక్కరి ఖాతాలో వేయకండి. ఆ ఇబ్బంది తర్వాత ఆవిడే పడాలి.

4. సభ రోజు

క్లుప్తంగా జరపండి. ముప్పావు గంట చాలు. పని గంటల్లోనే పెట్టండి. సాయంత్రం ఆరుకు పెడితే ఇంటి బాధ్యతలున్నవాళ్లు రాలేరు, వచ్చినవాళ్లు గడియారం చూస్తూ కూర్చుంటారు. షిఫ్టులుంటే రెండుసార్లు జరపండి. రెండోసారి కూడా పెద్దాయన రావాలి, మిగిలిపోయిన కేక్ ఒక్కటే పంపితే కుదరదు.

వంట పోటీ, అలంకరణ పోటీ లాంటివి వద్దు. ఏ వృత్తి వాళ్లు ఆ వృత్తి గురించి మాట్లాడే పది నిమిషాలు పెట్టండి: వెల్డింగ్ చేసే ఆవిడ వెల్డింగ్ గురించి, కోడ్ రాసే ఆవిడ కోడ్ గురించి. "ఇల్లూ ఆఫీసూ ఎలా బ్యాలెన్స్ చేస్తున్నారు?" అన్న ప్రశ్న అడగొద్దని యాంకర్‌కి ముందే చెప్పండి. బయటి నుంచి వక్తను పిలిస్తే వేరే ప్రోగ్రాంలకి ఇచ్చేంత ఫీజు ఈవిడకీ ఇవ్వండి.

చివర్లో పెద్దాయన రెండు పనులు, రెండు తేదీలు చదవాలి. ఆ రెండు పనులు ఎక్కణ్ణుంచి వస్తాయంటే, కింది రెండు స్టెప్పుల నుంచి. అందుకే వాటిని సభకు ముందే చేయాలి.

5. జీతాల లెక్క చూడండి

అందరూ తప్పించుకునేది ఇదే. కష్టమేమీ కాదు, ఒక మధ్యాహ్నం పని.

ఒకే రకం పని చేసేవాళ్లను ఒక గుంపుగా తీసుకోండి. పార్ట్ టైమ్ వాళ్లు ఉంటారు కాబట్టి అందరి జీతాన్నీ గంట లెక్కకు మార్చండి. ఆడవాళ్లవి ఒక వరస, మగవాళ్లవి ఒక వరస, చిన్నది నుంచి పెద్దదాకా రాయండి. ప్రతి వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న అంకె తీసుకోండి. ఉదాహరణకు:

మగవాళ్లు: 100, 110, 120, 130, 200. మధ్యలోది 120.
ఆడవాళ్లు: 96, 102, 108, 114, 118. మధ్యలోది 108.
తేడా 12. దాన్ని 120తో భాగిస్తే 10 శాతం.

సగటు తీస్తే ఇదే గుంపులో తేడా 18 శాతం దాటుతుంది, ఎందుకంటే 200 తీసుకునే ఒక్కరు సగటును పైకి లాగుతున్నారు. రెండూ రాసుకోండి. మధ్య అంకెలో తేడా ఉంటే అది గుంపు మొత్తంలో ఉన్న సమస్య. సగటులో మాత్రమే ఉంటే పై సీట్లలో ఎవరున్నారో చూడండి.

తేడా కనబడగానే "అనుభవం తక్కువేమో" అనే మాట వస్తుంది. అయి ఉండొచ్చు. ఒక్కొక్కరి పేరు పక్కన చేరిన తేదీ, చేరినప్పటి జీతం, ఆఖరి ప్రమోషన్ తేదీ రాసి చూడండి. కారణం కాగితం మీద కనబడాలి, ఊహ కారణం కాదు. చాలాసార్లు తేడా మొదటి రోజే మొదలవుతుంది: పాత జీతం మీద ఇంత పెంచి ఇస్తామంటారు, పాత జీతమే తక్కువైతే ఆ తక్కువ ఆవిడ వెంట వస్తూనే ఉంటుంది. కొత్తగా తీసుకునేటప్పుడు పాత జీతం అడగడం మానేసి, ఆ ఉద్యోగానికి ఇంత అని ముందే నిర్ణయించండి.

ఇంకో మాట. ఒకే పనికి ఒకే జీతం ఇస్తే అయిపోలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951 నాటి 100వ ఒప్పందంలో ఉన్న మాట "సమాన విలువ గల పని". అంటే ఆడవాళ్లు ఎక్కువగా చేసే పనికి గ్రేడు ఎలా ఇచ్చారో కూడా చూడాలి. ఇంగ్లండ్‌లోని డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కార్ల సీట్ల కవర్లు కుట్టే ఆడవాళ్లు 1968లో సమ్మె చేసింది ఇందుకే. వాళ్ల కుట్టుపనిని నైపుణ్యం తక్కువ ఉన్న గ్రేడులో వేశారు. సమ్మెతో జీతం పెరిగింది, 1970లో అక్కడ సమాన వేతన చట్టం వచ్చింది. కానీ వాళ్ల గ్రేడు మారడానికి 1984లో మళ్లీ సమ్మె చేయాల్సి వచ్చింది. మీ దగ్గర కూడా ఏ పనిని "సింపుల్ వర్క్" అంటున్నారో, ఆ పని ఎవరు చేస్తున్నారో ఒకసారి చూడండి.

జాగ్రత్త: గుంపులో ముగ్గురికంటే తక్కువ మంది ఉంటే ఆ లెక్క బయటపెట్టకండి, జీతం ఎవరిదో తెలిసిపోతుంది. తేడా సరిచేయడానికి మగవాళ్ల జీతం తగ్గించే ఆలోచన అసలే వద్దు.

మీకు ఆ లిస్టు చూసే అధికారం లేకపోతే, "ఈ ఏడాది జీతాల తేడా లెక్కించారా? ఎప్పుడు, ఏ పద్ధతిలో?" అని రాతపూర్వకంగా అడగండి. ఐస్‌లాండ్‌లో 2018లో అమల్లోకి వచ్చిన చట్టం 25 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు సమాన వేతనం ఇస్తున్నట్టు రుజువు చూపాలంది. అడగడంలో వింతేమీ లేదు.

6. రోజూ అడ్డుపడేవాటిలో ఒకటి ఎంచుకోండి

1వ స్టెప్పులో రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులు తీయండి. ఎక్కువమంది రాసినదాన్ని ఒకదాన్ని పట్టుకోండి. సాధారణంగా వచ్చేవి ఇవీ, వాటికి చేయగలిగేవి ఇవీ:

మాట మధ్యలో ఆపేయడం. నాలుగు మీటింగుల్లో ఒకరు కాగితం మీద గీతలు పెట్టండి: ఎవరెన్నిసార్లు మాట్లాడారు, ఎవరి మాటకు ఎవరు అడ్డొచ్చారు. ఆ కాగితం చూపిస్తే వాదన అక్కర్లేదు. ఒకరి ఆలోచనను పట్టించుకోకుండా పోతుంటే పక్కవాళ్లు "ఇందాక ఆవిడ చెప్పింది ఇదే, ఆవిడనే పూర్తి చేయనిద్దాం" అనాలి. ఒబామా హయాంలో వైట్‌హౌస్‌లోని మహిళా ఉద్యోగులు ఇదే పద్ధతి పెట్టుకుని ఒకరి మాటను ఇంకొకరు పేరుతో సహా తిరిగి చెప్పేవారు.

సైజు సరిపోని సామాను. గ్లోవ్స్, బూట్లు, హెల్మెట్, సేఫ్టీ బెల్టు మగవాళ్ల సైజుల్లోనే తెప్పిస్తుంటారు. 2019 మార్చిలో ఇద్దరు మహిళలు కలిసి చేయాల్సిన అంతరిక్ష నడకలో, వాడటానికి సిద్ధంగా ఉన్న మీడియం సైజు స్పేస్‌సూట్ పైభాగం ఒక్కటే కావడంతో, ఒకరి బదులు మగ వ్యోమగామి వెళ్లాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 18న క్రిస్టీనా కోక్, జెస్సికా మెయిర్ కలిసి బయటికి అడుగుపెట్టారు. నాసా అంతటి చోటే అలా జరిగింది. మీ స్టోర్‌రూమ్‌లో ఇప్పుడే వెళ్లి చూడండి.

ప్రమోషన్ ఇంటర్వ్యూలు. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరస. ప్యానెల్‌లో ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే మార్కులు రాసేయాలి. అమెరికాలో ఆర్కెస్ట్రాలు కొత్తవాళ్లను ఎంచుకునేటప్పుడు, వాయించేది ఆడవాళ్లో మగవాళ్లో తెలియకుండా కళాకారుల్ని తెర వెనక కూర్చోబెట్టి వాయింపించుకోవడం మొదలుపెట్టాయి, చెప్పుల చప్పుడు వినబడకుండా తివాచీ కూడా పరిచేవారు. మీ ఆఫీసులో తెర కట్టలేరు, కానీ రాత పరీక్ష ఉంటే పేర్లు తీసేసి దిద్దొచ్చు.

వేధింపులు. ఈ మాట ఒక్క చీటీలో వచ్చినా దాన్ని మిగతావాటితో కలిపి ఓట్లు లెక్కించకండి. ఫిర్యాదు ఎవరికివ్వాలో, ఆ మనిషి మీదే ఫిర్యాదు ఉంటే ఇంకెవరికివ్వాలో, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందో గోడ మీద రాసి ఉండాలి. మీ దేశంలో చట్టం ఏం చెబుతోందో చూసి అది కచ్చితంగా పాటించండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందం ట్రైనీలకీ, ఉద్యోగానికి దరఖాస్తు చేసినవాళ్లకీ కూడా రక్షణ ఉండాలంటుంది. మీ రూల్సులో వాళ్లున్నారో లేదో చూడండి.

7. రెండు పనులు, రెండు తేదీలు

జీతాల లెక్క నుంచి ఒకటి, అడ్డంకుల నుంచి ఒకటి. ప్రతిదానికీ ఒక మనిషి పేరు, ఒక తేదీ. "సమానత్వానికి కట్టుబడి ఉన్నాం" అన్నది పని కాదు. "మీడియం, స్మాల్ సైజు గ్లోవ్స్ ఏప్రిల్ 15లోగా స్టోర్స్‌కి వస్తాయి, బాధ్యత పర్చేజ్ మేనేజర్‌ది" అన్నది పని. పది పనులు చెప్పి ఏదీ చేయకపోతే వచ్చే ఏడాది ఎవరూ చీటీ రాయరు.

మీది చిన్న టీమ్ అయితే

ఆరుగురే ఉంటే సభ అక్కర్లేదు. మెచ్చుకోలు ఉత్తరాలు రాయండి, వంతుల లిస్టు పెట్టండి, ఒక అడ్డంకి తీసేయండి. ఆ ఆరుగురిలో మీరొక్కరే ఆడవాళ్లయితే, దయచేసి ఈ ఏర్పాటు మీరు చేయకండి. ఈ గైడ్‌ని మీ మేనేజర్‌కి పంపండి.

జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

సభ అయ్యాక "చాలా బాగా జరిగింది" అని వచ్చే మెసేజ్‌లు కొలత కాదు. జూన్ మొదటి వారంలో, అంటే సుమారు 90 రోజులకు, ఇవి చూడండి:

- చదివిన రెండు పనులు తేదీకి అయ్యాయా? కాకపోతే కారణం, కొత్త తేదీ అదే నోటీసు బోర్డు మీద రాయండి. చెప్పకుండా ఊరుకోవడమే అన్నిటికంటే పెద్ద తప్పు.
- మెచ్చుకోలు ఉత్తరాలు పర్సనల్ ఫైళ్లలోకి వెళ్లాయా? ఏవైనా మూడు ఫైళ్లు తీసి మీ కళ్లతో చూడండి.
- వంతుల లిస్టులో గత మూడు నెలల మీటింగ్ నోట్స్ ఎవరు రాశారు? మళ్లీ ఆడవాళ్ల పేర్లే ఉంటే వంతులు కాగితానికే పరిమితమయ్యాయన్నమాట.
- పెండింగ్‌లో ఉన్న ప్రమోషన్ ఫైళ్లు ఎన్ని, ఎవరివి, ఎన్ని నెలల నుంచి?

తర్వాత ఆ మూడు ప్రశ్నల ఫారమే మళ్లీ పంపండి. రెండో ప్రశ్నకు ఫిబ్రవరిలో వచ్చిన జవాబే మళ్లీ వస్తే, మీరు ఎంచుకున్న పరిష్కారం పనిచేయలేదు, మార్చండి. జవాబు మారితే కొత్తదాన్ని పట్టుకోండి. రెండుసార్ల సారాంశాలూ ఒకే ఫైల్లో పెట్టి, వచ్చే ఫిబ్రవరిలో మొదటి మీటింగుకు కేక్ మెనూ కంటే ముందు దాన్ని టేబుల్ మీద పెట్టండి.